మినిట్సమ్మ కోసిన వాక్యం

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆఫీసు రిజిస్టర్లో భద్రంగా ఉంది కానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే ఓ పట్టాన పలకదు. పురపాలక సంఘం సమావేశాల్లో ఎవరు ఏం మాట్లాడితే అది రాయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ రాతని మినిట్స్ అంటారు కాబట్టి బంట్రోతు దగ్గర్నుంచి చైర్మన్ దాకా అందరికీ ఆవిడ మినిట్సమ్మ. కొత్తగా గెలిచొచ్చిన సభ్యుడొకడు తెలివి చూపించబోయి "నిమిషాలమ్మగారూ" అన్నాడు. "నిమిషాల్లో అయ్యే పని కాదు బాబూ, ఒక్క మీటింగు సాపు రాయడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది" అంది. అంతే, మళ్ళీ ఆ పేరు ఎత్తలేదు.

సభ హాల్లో సభ్యుల కుర్చీలు మెట్లు మెట్లుగా పైకి ఉంటాయి. వాటన్నిటి అడుగున, గొయ్యిలాంటి చోట ఆవిడ బల్ల. సభ్యులకి ఆవిడ పాపిడి మాత్రమే కనిపిస్తుంది, ఆవిడకి వాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. బల్ల మీద చెక్కిన పెన్సిళ్ళు ఆరు, గీతల పుస్తకం ఒకటి. షార్ట్‌హ్యాండులో ఆవిడని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మనిషి నోట్లో మాట ఇంకా నలుగుతుండగానే ఆవిడ కాగితం మీద అది వంకరగీతై కూర్చునేది. ఎవరైనా దగ్గితే దగ్గు అని, బల్ల చరిస్తే బల్ల చరిచారని, తిట్టుకుంటే ఆ తిట్టు అక్షరాలా.

మీటింగు అయ్యాక ఎవరో ఒకరు మెట్లు దిగి వచ్చేవారు. "అమ్మా, ఆ మాట కాస్త తీసెయ్యి. నోరు జారింది."

"జారింది మీ నోరండీ, నా పెన్సిలు కాదు. చైర్మన్‌గారి చేత రాయించుకు రండి, తీసేస్తాను."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. కానీ పెదవి దాటిన మాట పృథివి దాటేలోపు ఒక్కసారి తన బల్ల మీద ఆగి వెళ్ళాలని మినిట్సమ్మ పట్టుదల. ఆ పట్టుదలే ఆవిడ గర్వం కూడా. వేరే గర్వపడేందుకు ఏముంది? రెండు గదుల ఇల్లు. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దస్తమానం అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చాక మాటలు కూడా అరగదీసినట్టు సగం సగం మాట్లాడే మొగుడు. మేడ మీద గదిలో పెళ్ళికాని మరిది.

ఈ మరిదికి సోఫాలకి గుడ్డ వేసే దుకాణం ఉంది. గుడ్డ వేయడం పొద్దున పూట. మిగతా పొద్దంతా ప్రతిపక్ష పార్టీకి ఫోనుల్లో ప్రచారం. ఒక ఆదివారం భోజనాలయ్యాక వదిన ఫోను లాక్కుని, మినిట్సమ్మ అనే పేరుతో, ఆవిడ ఫొటోతో ఒక ఖాతా తెరిచి పెట్టాడు.

"ఇదిగో వదినా, ముందు ఈ అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసిన గుర్తు కొట్టు. దాని పక్కన మాటలన్నీ ఖాళీ లేకుండా అతికించి రాయి. దీన్నే హ్యాష్‌ట్యాగ్ అంటారు. ఇక ఆ మాట పెట్టి ఎవరు ఏం రాసినా అంతా ఒక్కచోటికి వచ్చి పడుతుంది. ఎక్కడివాళ్ళక్కడ కూర్చునే మీటింగు పెట్టుకున్నట్టు."

"మరి దీనికి మినిట్స్ ఎవరు రాస్తారు?" అంది ఆవిడ.

మరిది నవ్వాడు. ఆవిడ నవ్వులాటకి అడగలేదు.

అప్పట్లో ఊరంతా ఒకటే గొడవ, పాత కూరగాయల మార్కెట్ గురించి. దాని పైకప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. కూల్చేసి కొత్తది కడతామని పాలకపక్షం, కూలిస్తే ఊరుకోమని ప్రతిపక్షం. అందుకే రెండు గుర్తులు పుట్టాయి. ఒకటి #మార్కెట్‌కూల్చొద్దు, రెండోది #కొత్తమార్కెట్‌కావాలి. మినిట్సమ్మ రెండూ చూడటం మొదలుపెట్టింది. మొదట్లో ముచ్చటేసింది కూడా. సభలో ముప్ఫైమంది నోళ్ళే వినేది ఇన్నాళ్ళూ. ఇక్కడ ఉల్లిపాయలమ్మే మనిషి తన కొట్టు మీద కారుతున్న నీళ్ళు ఫొటో తీసి పెట్టింది. ఎవరో నర్సు, మార్కెట్ పక్క సందులో దీపం లేక డ్యూటీ దిగి రావాలంటే భయమేస్తోందని రాసింది. ఇదేదో బాగుందే, మా సభ్యులు ఇది చదివితే బాగుపడతారు అనుకుంది.

ఆ ముచ్చట వారం రోజులు నిలిచింది. ఎనిమిదో రోజు మొదటి గుర్తు కింద ఒక మాట కనిపించింది. 'కూరగాయలు అమ్మేవాళ్ళు పురుగులు. సభలో లెక్కల మాష్టారి కూత.' దాని కింద ఆరేడు వందల మంది తిట్లు.

లెక్కల మాష్టారు ఏ పార్టీకీ చెందని సభ్యుడు. నలభయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక వార్డువాళ్ళు బలవంతం చేస్తే నిలబడి గెలిచినాయన. నెమ్మదిగా, పొడుగ్గా మాట్లాడతాడు. ఆయన లేచి నిలబడితే మినిట్సమ్మ రెండో పెన్సిలు దగ్గరికి జరుపుకునేది. ఎంత పొడుగైనా ఆయన వాక్యం తప్పకుండా క్రియ దగ్గరికి వచ్చి ఆగుతుంది, మధ్యలో గాలికి పోదు. ఇన్నేళ్ళలో ఒక్క మాట తీసెయ్యమని ఆవిడని అడగని సభ్యుడు ఆయనొక్కడే.

ఆవిడ లేచి పుస్తకం తీసి చూసింది. ఆయన అన్నది ఇది: 'కింద మురుగు నిలవ ఉండటం వల్ల కూరగాయలకి పురుగులు పడుతున్నాయి, అమ్మేవాళ్ళకి జబ్బులొస్తున్నాయి.' ఉన్నది ఉన్నట్టు ఫోనులో ఎక్కించి, ఆ గుర్తు పెట్టి వదిలింది. మీటింగులకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, మినిట్స్ ఎవరైనా అడిగి చదువుకోవచ్చు. దాంట్లో రహస్యమేమీ లేదు.

ముందు ముగ్గురు పలికారు. ఒకడు నీకెంత ముట్టిందన్నాడు. ఒకడు ముసలిదానా అన్నాడు. మూడోవాడు ఏమన్నాడో ఆవిడ మొగుడికి కూడా చదివి వినిపించలేదు. మర్నాటికి రెండో గుర్తువాళ్ళలో పెద్ద మనిషెవరో దాన్ని ఎత్తుకున్నాడు. 'సభలో రాసే ఆవిడే చెబుతోంది, ఇక మీరు నోళ్ళు మూసుకోండి' అని. మధ్యాహ్నానికి నాలుగు వేలమంది మెచ్చుకున్నారు. నిజం మినిట్సమ్మ అని పేరు పెట్టారు.

పాపిడి తప్ప ఇంకేదీ ఎవరికీ కనపడని మనిషి. ఆ నాలుగు వేలు చూసేసరికి మెడ వెనకాల ఎవరో వెచ్చటి గుడ్డ కప్పినట్టయింది. అక్కణ్ణుంచి ప్రతి మీటింగులోంచీ రెండు మూడు వాక్యాలు తీసి పెట్టేది. పాలకపక్షంవి పెడితే మొదటి గుర్తువాళ్ళు భుజాలకెత్తుకునేవారు, ప్రతిపక్షంవి పెడితే రెండో గుర్తువాళ్ళు. ఆఫీసులో టీ పోసే ఆవిడ కూడా "నిన్న భలే పెట్టారండీ" అనేది. అన్నం తింటూ ఎడం చేత్తో లెక్క చూసుకునేది. "చల్లారిపోతోంది" అనేవాడు మొగుడు. అన్నం గురించేనో ఇంకేదన్నా గురించో ఆయన వివరంగా చెప్పే మనిషి కాదు.

కొన్నాళ్ళకి ఆవిడకి ఒక సంగతి పట్టుబడింది. పొడుగు వాక్యాలని ఎవరూ ముట్టుకోరు. ఎంత పొట్టిగా ఉంటే అంత దూరం పోతుంది.

ఆ నెల మీటింగులో మార్కెట్ కమిటీ నివేదిక వచ్చింది. కమిటీలో ఐదుగురు. అందులో ఒకడైన లెక్కల మాష్టారు లేచి ఇలా అన్నాడు: "కొట్లవాళ్ళకి ముందుగా వేరే చోటు చూపించి, అక్కడ నీళ్ళూ నీడా ఉన్నాయని నేను కళ్ళారా చూసేదాకా ఒక్క ఇటుక కదలనివ్వను, అది చూశాక కూల్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు." మినిట్సమ్మ మొత్తం రాసుకుంది. మధ్యలో ఆయన దగ్గింది కూడా రాసుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ రికార్డు గదిలో బీరువాల మధ్య నిలబడి ఫోను తీసింది. మొత్తం ఎక్కిస్తే పట్టలేదు, ఒక్కసారికి ఇన్ని అక్షరాలే అని దాని లెక్క. ఆ మాట నిజమే. కానీ రెండు ముక్కలుగా పెట్టొచ్చు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, అంతకు ముందు పెట్టింది కూడా. వేలు ముందు సగం మీదికి వెళ్ళింది. చెరిపేసింది. మిగిలింది చూసుకుంది. 'కూల్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. సభలో లెక్కల మాష్టారు.' రెండు గుర్తులూ పెట్టి వదిలేసి, డబ్బా మూత తీసి అన్నం తినడానికి కూర్చుంది.

సాయంత్రానికి పదకొండు వేలు.

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని ఆ గుర్తు కింద ఏముందో చదవడం మొదలుపెట్టింది. మాష్టారి ముఖానికి ఎవరో గునపం అతికించారు. ఇంకెవరో ఆయన ఇంటి గేటు ఫొటో పెట్టి, నంబరుతో సహా అడ్రసు రాశారు. చనిపోయిన ఆయన భార్య గురించి ఒకడు రాశాడు. దానికి నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళలో వీధి చివర పళ్ళ డాక్టరు ఉన్నాడు. నోట్లో వేలు పెట్టే ముందు కూడా "ఏమనుకోకండి" అని అడిగే మర్యాదస్థుడు. సంగీతం టీచరు ఉంది. ఆవిడ రాసిన మాట చూశాక మినిట్సమ్మ ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. వచ్చి మళ్ళీ తిప్పింది. మరో సంగతి కనిపించింది. ఒకే తిట్టు, ఒకే అచ్చుతప్పుతో, 'కూల్చుకొండి' అని, వందల మంది పేర్లతో ఉంది. వందల మంది ఒకే చోట ఒకేలా తప్పు రాయరు. ఇరవై రెండేళ్ళ రాతలో ఆ మాత్రం తెలుసు.

నేరుగా మరిది దుకాణానికి వెళ్ళింది. ముందు గదిలో గుడ్డ తొడగని సోఫాలు ఎముకల గూళ్ళలా ఉన్నాయి. వెనక గదిలో జిగురు వాసన, నేల మీద స్పాంజి ముక్కలు, తాగిన టీ కప్పుల్లో ఆర్పిన సిగరెట్లు. సగం కుట్టిన సోఫా మీద ఐదుగురు మనుషులు కాళ్ళు బారజాపుకుని ఒక్కొక్కరూ రెండేసి ఫోన్లు నొక్కుతున్నారు. గోడకి 'ఇవాళ్టి మాటలు' అని ఒక కాగితం. దాంట్లో పన్నెండు వాక్యాలు. ఆరోది ఆవిడదే.

"రా వదినా, రా! అరే, లేవండ్రా, మా వదిన!"

ఐదుగురూ లేచి చప్పట్లు కొట్టారు.

"ఆ పురుగుల మాట పుట్టించింది మీరేనా?" అంది ఆవిడ.

"మేమే. ఏం?"

"ఆయన ఆ మాట అన్లేదు."

"అన్లేదు. అందుకే నిలవలేదు, నువ్వే కదా పట్టేశావు." మరిది ఏ దాపరికమూ లేకుండా నవ్వాడు. "ఇవాళ నేనూ పైన గ్యాలరీలోనే కూర్చున్నా వదినా. మొత్తం విన్నా. మేం లేనిది పుట్టిస్తే ఎవడో ఒకడు పట్టుకుంటాడు. నువ్వు ఉన్నదాన్నే కోశావు. దాన్ని ఎవడు పట్టుకుంటాడు చెప్పు? మా వాళ్ళందరికీ నీ దగ్గర ట్రైనింగు ఇప్పించాలి."

ఆవిడ గోడ మీది కాగితంలో ఆరో వాక్యం ఇంకోసారి చదివింది. ఆ గదిలో ఉన్నదాని కంటే ఆ గదికి తను కొత్త కాదన్నదే ఎక్కువ రోత పుట్టించింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఆవిడ కాలు మడమ దాకా కాదు, మోకాలి దాకా దిగి ఉంది.

మర్నాడు పొద్దున పదింటికి లెక్కల మాష్టారు ఆవిడ గదికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడత చెడలేదు కానీ, గడ్డం ఒక పక్క గీసుకోవడం మర్చిపోయాడు.

"అమ్మా, నిన్నటి పుస్తకం ఒకసారి చూడొచ్చా? సభ్యుడికి ఆ హక్కు ఉందనుకుంటా."

"ఉందండీ. కూర్చోండి."

ఆయన పుస్తకం తిరగేసి చూసి, ఆ వంకరగీతలు తనకి అర్థం కావని చెప్పి, చదివి వినిపించమన్నాడు. ఆవిడ చదివింది. కొట్లవాళ్ళకి ముందుగా అన్న దగ్గర్నుంచి అభ్యంతరం లేదు దాకా. దగ్గుతో సహా.

ఆయన ఊపిరి వదిలాడు. "అంతే కదా నేనన్నది! రాత్రి నుంచీ ఒకటే భయం తల్లీ. మనవరాలు ఫోనులో చదివి వినిపించి, తాతయ్యా నువ్వు ఇలా అన్నావా అని ఏడ్చింది. వయసు మీదపడింది కదా, ఏదన్నా తిక్కగా అనేసి మర్చిపోయానేమో అనుకున్నాను. గేటు మీద కుళ్ళిన టమాటాలు కొట్టారు. పోనీ, అది కడుక్కుంటే పోతుంది." కాస్త ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "నీకొకటి చెప్పి పోదామని కూడా వచ్చానమ్మా. ఎవరో నీ పేరు పెట్టుకుని ఇవన్నీ రాస్తున్నారు. మినిట్సమ్మ అనే ఉంది. నీ ఉద్యోగానికి ముప్పు. కాస్త జాగ్రత్తగా ఉండు."

ఆవిడ పుస్తకం మూసింది. మళ్ళీ తెరిచింది. ఊరుకుంటే ఆ పెద్దాయన అలాగే నమ్మి వెళ్ళిపోతాడు. ఊరుకోవాలనే అనిపించింది కూడా.

"ఎవరో కాదండీ. అది నేనే."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక ఆవిడ ముఖం వైపు చూడటం మానేసి బల్ల మీద పెన్సిళ్ళ వైపు చూశాడు.

"మరి ముందు సగం?"

"పట్టలేదండీ" అంది. అని, ఆ అబద్ధాన్ని తనే దిద్దుకుంది. "పట్టేదండీ. నేనే తీసేశాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తనకి అర్థం కాని ఆ గీతల మీద ఒకసారి వేలు పెట్టి చూశాడు. తర్వాత, "ఆ వాక్యం మొత్తం ఒక కాగితం మీద రాసి, ఆఫీసు ముద్ర వేసి ఇస్తావా?" అని అడిగాడు. ఆవిడ రాసింది. ముద్ర వేసింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "దీన్ని ఎవరికి చూపించాలో మాత్రం తెలియడం లేదమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజే ఆవిడ పాతది తీసేసి, వాక్యం మొత్తం రెండు ముక్కలుగా పెట్టింది. కింద, 'నిన్న సగం కోసింది నేనే, తప్పు నాది' అని రాసి, రెండు గుర్తులూ తగిలించింది. పదిహేను మంది చూశారు. బెదిరించి రాయించుకున్నారన్నాడు ఒకడు. ఖాతా ఎవరో దొంగిలించారన్నాడు ఇంకొకడు. నిన్నటిదాకా అక్కా అక్కా అన్నవాడు, అమ్ముడుపోయావా అన్నాడు. ఆవిడ చెరిపేసిన మాట మాత్రం ఫొటోలై అప్పటికే ఊరంతా తిరుగుతోంది. దాన్ని ఆపడం ఆవిడ తరం కాలేదు.

చైర్మన్ దగ్గరికి వెళ్ళి, జరిగింది సభలో చెప్పి రికార్డులో ఎక్కించమని కాగితం ఇచ్చింది. ఆయన చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు. "ఇప్పుడెందుకమ్మా ఇది? ఆ గుర్తు పాతబడిపోయింది. జనం ఇప్పుడు బస్సు చార్జీల గుర్తు మీద ఉన్నారు."

లెక్కల మాష్టారు మార్కెట్ కమిటీకి రాజీనామా పంపాడు. సభకి కూడా రావడం మానేశాడు. మనవరాలిని వేరే బడిలో చేర్చారని తెలిసింది. ఆ మరుసటి నెల మార్కెట్ తీర్మానం సభ ముందుకొచ్చింది. ముసాయిదాలో 'కొట్లవారికి ముందుగా వేరే చోటు చూపిన పిమ్మట' అని ఒక వాక్యం ఉండేది, మాష్టారు పట్టుబట్టి పెట్టించినది. చదివేటప్పుడు ఆ వాక్యం లేదు. మినిట్సమ్మ తల ఎత్తి చూసింది. పాలకపక్షం వాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ప్రతిపక్షం వాళ్ళు, అంటే మరిది పార్టీ వాళ్ళు, చార్జీల మీద అరిచి అప్పటికే బయటికి నడిచేశారు. బయట కెమెరాలున్నాయి. కొట్లవాళ్ళ తరఫున నోరు విప్పిన మనిషి లేడు. 'చర్చ లేకుండా ఆమోదించడమైనది' అని రాసింది. పెన్సిలు మొన విరిగింది. ఇంకోటి తీసుకుని చుక్క పెట్టింది.

నెల తిరక్కుండా మార్కెట్ నేలమట్టమైంది. కొట్లవాళ్ళు పెద్దరోడ్డు పక్కన, కాలవ మీద వేసిన బండల మీద గోనెపట్టాలు పరుచుకున్నారు. లారీ పోయినప్పుడల్లా కాయగూరల మీద దుమ్ము లేస్తుంది. వాళ్ళు నీళ్ళు చల్లుతారు, మళ్ళీ లారీ పోతుంది.

ఆ వారంలోనే మరిది మేడ మీది నుంచి హుషారుగా దిగొచ్చాడు. "వదినా, #రోడ్డునపడ్డబతుకులు అని కొత్తది మొదలుపెట్టాం. తీర్మానం రోజు ఎవరేమన్నారో ఒక్క ముక్క పడెయ్యవా? నువ్వు పెడితే దాని లెక్కే వేరు."

"ఎవరూ ఏమీ అన్లేదు. మీవాళ్ళసలు లేరు."

"అది కాదు వదినా, పాలకపక్షం వాళ్ళ మాట ఏదన్నా..."

"అన్నం తినే చోట నిలబడి ఆ మాటలు మాట్లాడకు. నాకు డోకొస్తోంది. పైకి పో."

మొగుడు తల ఎత్తి తమ్ముణ్ణి చూశాడు. "పో" అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడడని ఇద్దరికీ తెలుసు. మరిది మూతి ముడుచుకుని వెళ్ళాడు. రెండు నెలల్లో గది కూడా ఖాళీ చేశాడు.

ఆవిడ ఖాతా మూసేసింది. ఉద్యోగం ఉంది, ముప్పేమీ రాలేదు. మెమో కూడా రాలేదు. వచ్చి ఉంటే కాస్త తెరిపిగా ఉండేదని ఆవిడకి అనిపించేది. ఎవరైనా వచ్చి మాట తీసెయ్యమని అడిగితే వెనకటిలా చురక వేయడానికి నోరు రావడం లేదు. "చైర్మన్‌గారితో చెప్పండి" అని ఊరుకుంటోంది.

ఒక రోజు ఆఫీసు నుంచి వస్తూ పెద్దరోడ్డు పక్కన వంకాయలు ఏరుకుంటోంది. తూకం వేస్తున్న ఆవిడ తేరిపార చూసి, ముఖం విప్పార్చుకుని, పక్క పట్టా మీద మనిషిని మోచేత్తో పొడిచింది. "ఇదిగో, ఈ అమ్మే! ఆ మాష్టారి బండారం బయటపెట్టింది ఈ అమ్మే!" అని, తక్కెట్లో ఇంకో రెండు వంకాయలు వేసింది. పైన గుప్పెడు పచ్చిమిరపకాయలు వేసింది. "డబ్బులొద్దమ్మా. మా కోసం నిలబడ్డారు."

"నేను నిలబడలేదు" అంది మినిట్సమ్మ. "నిలబడింది ఆ మాష్టారు. మీకు చోటు చూపించేదాకా ఒక్క ఇటుక కదలనివ్వనని అన్నాడాయన. నేను ఆ ముక్క కోసేసి మిగతాది పెట్టాను."

లారీ ఒకటి పోయింది. అమ్మే ఆవిడ చెంగుతో కళ్ళలో దుమ్ము తుడుచుకుని, "పోనీలెండమ్మా, అందరూ దొంగలే" అంటూ సంచీ అందించింది.

మినిట్సమ్మ వంకాయలకి డబ్బులు పట్టా మీద పెట్టింది. పచ్చిమిరపకాయలు ఒక్కొక్కటే ఏరి వెనక్కి వేసింది. పక్కావిడ మోకాళ్ళ మీద ఫోను పెట్టుకుని ఏదో చూసి పకపక నవ్వుతోంది. మినిట్సమ్మ అటు చూడకుండా సంచీ చంకన పెట్టుకుని, బండల మధ్య సందుల్లోంచి వస్తున్న మురుగు కంపుకి ముక్కు మూసుకుని, ఇంటి దారి పట్టింది.